శివారు ప్రజల ఓటు



"పంతులుగారూ, మీ కాలనీవారు ఏ పక్షమువారండీ?" అని ఇటీవల నా పూర్వశిష్యుడొకడు నన్నడిగెను. ఉద్యోగవిరమణానంతరము నేను హైదరాబాదు శివారయిన మల్కాజిగిరిలో స్థిరపడితిని. ఇరుగుపొరుగువారినందరిని ఎరుగుదును. అయినను ఆ ప్రశ్నకు తత్క్షణమే సమాధానము చెప్పజాలనైతిని. ఏల చెప్పజాలనైతినో నేడు మీకు మనవిచేసెదను.

మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గము 2008వ సంవత్సరపు పునర్విభజనచే నేర్పడినది. కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగరు, మేడ్చల్ మొదలగు 7 శాసనసభా స్థానములు ఇందు కలవు. 2024లో ఇచటి ఓటర్లు 37 లక్షలకు పైబడిరి. ఇచట 2009లో కాంగ్రెసు, 2014లో తెలుగుదేశము, 2019లో మరల కాంగ్రెసు, 2024లో భారతీయ జనతా పార్టీ గెలిచినవి. నడుమ 2023 నవంబరు 30వ తేదీ శాసనసభకు జరిగిన పోలింగులో ఈ 7 స్థానములును భారత రాష్ట్ర సమితికే దక్కినవి. 2024 మే 13వ తేదీని సికిందరాబాదు కంటోన్మెంటులో లోక్‌సభ ఎన్నికయు, శాసనసభకు ఉపఎన్నికయు ఒకే దినమున జరిగెను. శాసనసభా స్థానము కాంగ్రెసునకు, లోక్‌సభా స్థానము భారతీయ జనతా పార్టీకి చేరినవి.

దీనిని చూచి శివారువారు చపలచిత్తులని కొందరందురు. నాకట్లు తోచదు. పల్లెలో ఒక యింటి ఓటు ఎటు పడునో ఊరివారు ముందే ఊహింపగలరు. బంధుత్వము, కులము, పెద్దల మాట దానిని నిర్ణయించుచుండును. మా మేడలోని నాలుగు వాటాలలో నాలుగు జిల్లాలవారున్నారు. వారికి ఉమ్మడి పెద్ద యెవ్వడును లేడు. ఉమ్మడిగా నున్నవి మంచినీటి గొట్టమును, మురుగుకాలువయును మాత్రమే. వానికై శాసనసభ్యుని వెదకుదురు. ఢిల్లీ పరిపాలననుగూర్చి వేరుగా యోచింతురు. ప్రశ్న మారినపుడు ఉత్తరమును మారుట సహజమే కదా! అదియుగాక, ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుచు పద్ధతిలో కొలదిమంది మారినను స్థానము చేతులు మారును. 2019లో ఇచటి ఆధిక్యము 11 వేల ఓట్లకు లోబడియే యుండెను.

పక్షములు మారుచున్నను మారనిది యొకటి కలదు. 2019లోను, 2024లోను ఇచట ఓటు వేసినవారు సుమారు సగముమందియే. తక్కినవారందరు సోమరులని చెప్పరాదు. పలువురి పేర్లు నేటికిని స్వగ్రామముల జాబితాలలో నున్నవి. 2024 మే 13వ తేదీయే ఆంధ్రప్రదేశములోను పోలింగు జరిగినందున, ముందునాటి రాత్రి మా వీధినుండి కుటుంబములు సంచులు సర్దుకొని బస్సులకు తరలినవి.

వారిని నిందించు అర్హత నాకు లేదు. నేనును స్వగ్రామాభిమానముచే కృష్ణాజిల్లాలోని మా యూరి జాబితాలోనే పేరు నిలుపుకొంటిని. 2019 ఏప్రిల్ 11న మోకాళ్లనొప్పిచే అచటికి పోలేకపోయితిని. ఇచట నాకు ఓటు లేదు. నాటి సాయంకాలము మనుమరాలు నా చేయి పట్టుకొని, "తాతయ్యా, నీ వేలికి సిరా లేదేమి?" అని యడిగెను. ముప్పదియైదేండ్లు పిల్లలకు పౌరధర్మము బోధించిన నేను ఆ పసిదానికి ఉత్తరమీయలేక తలవంచుకొంటిని.

ఒకరి పేరు ఒక్క జాబితాలోనే యుండవలెనని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము శాసించుచున్నది. నివాసము మారినవారు 8వ ఫారము నింపి పేరు మార్చుకొనవచ్చును. నేనును నా పేరును ఇచటికి మార్పించుకొంటిని. ఊరి బంధము తెగునేమోయని సంకోచించితిని గాని, తెగలేదు. సంక్రాంతికి నేటికిని మా యూరికే పోవుచున్నాను. త్రాగు నీరు ఇచటిది గనుక, దానినిగూర్చి యడుగు హక్కును ఇచటనే యుండవలెను.

ఇక నా శిష్యునికి సమాధానమిది: "నాయనా, మా కాలనీలో సగముమంది అభిప్రాయమే లెక్కకు వచ్చినది. తక్కిన సగముమంది ఏ పక్షమో, వారు వచ్చి ఓటు వేసిననాడు గాని ఎవ్వరును చెప్పజాలరు."