రొమ్ము కాన్సరు: కాలముతోడి మార్పు

స్త్రీల రొమ్మునఁ బుట్టు కాన్సరు అంటువ్యాధి కాదు, పాపఫలమును గాదు. మఠములలోని కన్యస్త్రీలకిది యితరులకంటె హెచ్చుగా వచ్చుచున్నదని ఇటలీ వైద్యుఁడు రామజ్జీని 18వ శతాబ్దారంభముననే వ్రాసెను. ఆ భక్తురాండ్రు చేసిన దోషమేమి? 1926లో ఇంగ్లండునందు జేనెట్ లేన్ క్లేపన్ అను వైద్యురాలు వ్యాధిగల సుమారు 500 మంది స్త్రీలను, వ్యాధిలేని అందఱినే పోల్చి చూచెను. ఆలస్యముగా వివాహమాడినవారికిని, తక్కువమంది బిడ్డలను గన్నవారికిని, చంటిబిడ్డలకుఁ బాలు తక్కువగా నిచ్చినవారికిని ఇది హెచ్చని తేలెను. 30 దేశముల పరిశోధనలను 2002లో కూర్చి లెక్కింపఁగా, తల్లి పాలిచ్చిన ప్రతి 12 నెలలకును అపాయము నూటికి 4 పాళ్లకు మించి తగ్గునని కనఁబడెను.

మన దక్షిణదేశమునను కాలము మాఱినది. చెన్నపట్టణపు కాన్సరు లెక్కలలో 1980 తరువాతి యేండ్లలో స్త్రీలకు గర్భాశయ ముఖమునఁ బుట్టు కాన్సరే మొదటిది. నేఁడు రొమ్ము కాన్సరు దానిని మించినది. ఆయువు పెరిగినది, కానుపులు తగ్గినవి, ఆలస్యమైనవి, శరీరశ్రమ తగ్గి స్థూలత హెచ్చినది. ఇందుకై బాలికల చదువు మాన్పించి త్వరగాఁ బెండ్లిచేయుదమని యెవరైనఁ దలఁచినచో మేమెంతమాత్రము నంగీకరింపము. బాల్యవివాహముల కీడు వేఱుగాఁ జెప్పవలెనా?

తల్లులకు మేము ముఖ్యముగాఁ దెలుపునదొకటి. తొలిదశలో గడ్డ తఱచుగా నొప్పి పెట్టదు. నొప్పి లేదని కొందఱు, సిగ్గుచేతఁ గొందఱు దానిని నెలలతరబడి దాఁచుదురు. ఆ నెలలలోనే అది చంకలోని గ్రంథులకుఁ బ్రాకవచ్చును. అంతకుముందే చూపించుకొన్నవారిలోఁ బెక్కుమంది స్వస్థులగుచున్నారు.