గ్రావెల్ రోడ్డు

గ్రావెల్ రోడ్డు అనగా తారు గానీ సిమెంటు గానీ వాడకుండా గులకరాళ్ళు, ఇసుక, బంకమన్ను కలిసిన పదార్థాన్ని నేలపై పరచి, తడిపి, రోలరుతో కుదించి నిర్మించే రోడ్డు. ప్రధాన రహదారి నుండి పొలాలకు, తోటలకు, విడిగా ఉన్న ఇళ్ళకు వేసుకొనే పొడవైన దారులు చాలావరకు ఈ రకానికి చెందినవే. ఈ పదార్థాన్ని తెలంగాణలో మొరం అని, కోస్తా ప్రాంతంలో గ్రావెల్ అని వ్యవహరిస్తారు. దీని నిర్మాణానికి ఖర్చు తక్కువ, కానీ నిర్వహణ ఎడతెగనిది. రోడ్డుపై పడిన నీరు త్వరగా పక్కకు పోయే ఏర్పాటు లేనిచో, ప్రతి ఏటా ఎంత కొత్త గ్రావెల్ పోసినా అది వర్షాలకు కొట్టుకొనిపోతుంది లేదా బురదలో దిగిపోతుంది.

చరిత్ర

స్కాట్లాండుకు చెందిన జాన్ లౌడన్ మెకాడం (1756-1836) 1816లో ఇంగ్లాండులోని బ్రిస్టల్ ప్రాంత రోడ్లకు సర్వేయరుగా నియమితుడయ్యాడు. రోడ్డుపై పోయే బరువును నిజంగా మోసేది అడుగున ఉన్న సహజమైన నేల అని, ఆ నేలను పొడిగా ఉంచగలిగితే రోడ్డు నిలుస్తుందని అతని సిద్ధాంతం. అందువలన రోడ్డును చుట్టుపక్కల నేలకంటే ఎత్తుగా వేసి, మధ్యభాగాన్ని కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంచి, చిన్నగా పగులగొట్టిన రాళ్ళను పొరలుగా పరచే పద్ధతిని ప్రవేశపెట్టాడు. భారతదేశంలో వేసే డబ్ల్యూబీఎం రోడ్డు ఈ పద్ధతి నుండి వచ్చినదే.

పదార్థము

మంచి గ్రావెల్‌లో మూడు భాగాలు ఉండాలి. పెద్ద రాళ్ళు బరువును మోస్తాయి. ఇసుక వాటి మధ్య ఖాళీలను నింపుతుంది. మెత్తని మన్ను ఈ రెండింటినీ పట్టి ఉంచుతుంది. పై పొరలో 75 మైక్రాన్ల జల్లెడ గుండా దిగే మెత్తని పదార్థం సుమారు 8 నుండి 15 శాతం ఉంటే అనుకూలం. ఇది తక్కువైతే రాళ్ళు విడిపోయి చక్రాల కింద జారతాయి. ఎక్కువైతే వానకాలంలో బురద, ఎండాకాలంలో దుమ్ము ఏర్పడతాయి. నదులలో దొరికే నున్నని గులకరాళ్ళు ఒకదానితో ఒకటి పట్టుకోవు. క్రషర్లో పగిలిన కోణాలు గల రాయి గట్టిగా బిగుసుకొంటుంది.

ఆకృతి

రోడ్డు మధ్యభాగం అంచులకంటే ఎత్తుగా ఉండాలి. గ్రావెల్ రోడ్లకు ఈ వాలు సాధారణంగా 4 శాతం, అనగా మీటరుకు 4 సెంటీమీటర్లు. 3 మీటర్ల వెడల్పు గల దారిలో మధ్యభాగం అంచులకంటే 6 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండవలెను. తాపీ పనివారు వాడే నీటి గొట్టంతో దీనిని సులభంగా సరిచూడవచ్చు. దారికి ఇరువైపులా కాలువలు, నీరు దారిని దాటవలసిన చోట తూములు ఉండాలి. అంచున గడ్డి, మట్టి పేరుకొని గట్టులా ఏర్పడితే నీరు కాలువలోకి పోక రోడ్డు వెంబడే పారుతుంది. చాలా దారులు చెడిపోవుటకు మొదటి కారణం ఇదే.

లోపములు

* గుంతలు: నీరు నిలిచిన చోట చక్రాల తాకిడికి మెత్తని మన్ను బయటకు చిమ్మి గుంత పెరుగుతుంది.
* చక్రాల గాడులు: అడుగు నేల నాని మెత్తబడినపుడు ట్రాక్టర్లు, లారీల వంటి బరువైన వాహనాల వలన ఏర్పడతాయి.
* అలల గట్లు: రోడ్డుకు అడ్డంగా, వరుసగా ఏర్పడే చిన్న గట్లు. వాహన వేగం ఒక స్థాయిని మించినపుడు ఇవి పుడతాయని, చక్రానికి స్ప్రింగు లేకపోయినా ఏర్పడతాయని 2007లో ప్రచురితమైన ప్రయోగాలలో తేలింది.

మరమ్మతు

గుంతలో కేవలం గ్రావెల్ పోసి వదిలివేస్తే కొద్ది రోజులలోనే అది మరల ఏర్పడుతుంది. చుట్టూ ఉన్న పై పొరను గుంత అడుగు వరకు గీకి, వదులైన పదార్థాన్ని తడిపి కలిపి, తిరిగి వాలు వచ్చేటట్లు పరచి కుదించాలి. ఈ పనిని గ్రేడరుతో గానీ ట్రాక్టరుకు అమర్చిన బ్లేడుతో గానీ చేయవచ్చు. వర్షం పడి నేల కొద్దిగా తేమగా ఉన్న సమయం దీనికి అనుకూలం. ఎండిన నేలపై చేసిన పని నిలువదు.

కొత్త పదార్థం పోయుటకు ముందు పరిమాణాన్ని లెక్కించాలి. 200 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల దారిపై 5 సెంటీమీటర్ల మందం రావలెనంటే 30 ఘనపు మీటర్లు అవసరం. రోలరు నడిపిన తరువాత మందం తగ్గుతుంది కనుక ఇంతకంటే ఎక్కువ తెప్పించుకోవాలి.

నల్లరేగడి నేలలు

నల్లరేగడి నేల తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు కుంచించుకొని నెరలు విచ్చుతుంది. దీనిపై నేరుగా పోసిన రాయి వానకాలంలో బురదలోకి దిగిపోతుంది. అందువలన నేలకు, రాయికి మధ్య ఇసుక పొరను గానీ జియోటెక్స్‌టైల్ వస్త్రాన్ని గానీ పరచుట మంచిది.

వార్షిక నిర్వహణ

తొలకరికి ముందు కాలువలు, తూములలోని పూడిక తీసి, అంచులలోని గట్లను తొలగించాలి. గట్టి వాన కురుస్తున్నపుడు దారి వెంట నడిచి నీరు ఎక్కడ నిలుస్తున్నదో గుర్తించాలి. వానలు తగ్గిన పిదప, నేల పూర్తిగా ఆరకముందే ఆ చోట్ల వాలును సరిచేయాలి. ఇవి చేసిన తరువాతనే కొత్త గ్రావెల్ అవసరమా అన్నది నిర్ణయించవలెను.

ఇవి కూడా చూడండి

* రహదారి
* జాన్ లౌడన్ మెకాడం
* నల్లరేగడి నేల