పనిచేస్తున్న పాత కంప్యూటర్‌ని ఏం చేద్దాం?

పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే వాళ్లున్నారు. పాత పేపర్లు తూకానికి కొనేవాళ్లున్నారు. పాత ఫ్రిజ్ తెచ్చిస్తే కొత్తదాని ధరలో కాస్త తగ్గించే షాపులూ ఉన్నాయి. చెడిపోయిన వస్తువుతో అసలు పేచీయే లేదు. ఎటొచ్చీ చక్కగా పనిచేస్తూనే ‘కాలం చెల్లింది’ అనిపించుకున్న కంప్యూటర్‌తోనే చిక్కంతా. ఎన్ని ఇళ్లలో అది మంచం కిందో, అటక మీదో పాత చున్నీ కప్పుకుని కూర్చుందో మీకూ తెలిసే ఉంటుంది.

మాది 2013లో కొన్న డెస్క్‌టాప్. మావారికి ఆఫీసువాళ్లు లాప్‌టాప్ ఇచ్చాక, అమ్మాయికి కాలేజీ కోసం ఇంకోటి కొన్నాక, ఇది నా వంతుకొచ్చింది. పన్నెండేళ్లుగా నేను రాసిన కథలన్నీ ఇందులోనే టైపు చేశాను. వంటగదిని పేరుకి నాదంటారు గానీ అందులో ఏం వండాలో నలుగురూ చెబుతారు. ఈ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సహాయం ఆపేసింది. కొన్ని షరతుల మీద మరో ఏడాది గడువు ఇచ్చిందనుకోండి. కొత్త విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలట, మా పాతదానిలో అది లేదు. ‘‘తూకానికి వేసేద్దాం, ఆరొందలిస్తానన్నాడు’’ అన్నారు మావారు. ‘‘నీకు ఫోనుందిగా’’ అని ఓదార్పు కూడా. పన్నెండు పేజీల కథ ఫోనులో టైపు చేసి చూస్తే తెలుస్తుంది, మెడ ఏమవుతుందో!

సహాయం ఆగిందంటే మర్నాటి నుంచి కంప్యూటర్ తెరుచుకోదని చాలామంది భయపడుతున్నారు. అదేం లేదు. మన వీధి తలుపు బాగానే ఉంది, తాళమూ పడుతోంది. కానీ దొంగలు రోజుకో కొత్త మారుతాళం చేస్తుంటే, తాళాలు బాగుచేసే అతను మన వీధికి రావడం మానేశాడన్నమాట. కాబట్టి అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేయకూడదు. నెట్ తీసేసి రాసుకోవడానికో, పాటలు వినడానికో వాడుకుంటే వచ్చే ముప్పు చాలా తక్కువ.

సరే, ఇంట్లో ఉంచినా పంపేసినా ముందు చేయాల్సిన పని ఒకటుంది. లోపల ఏముందో చూసుకోవడం. నేను రెండు రోజులు కూర్చుని చూశాను. ఆధార్, పాన్ కార్డుల కాపీలు, మావారి ఇన్‌కంటాక్స్ కాగితాలు, అత్తయ్యగారి పింఛను పత్రాలు, దాచిపెట్టిన పాస్‌వర్డులు... ఇవన్నీ ఆరొందలకు బండెక్కి పోయేవి! డిలీట్ కొడితే పోతాయనుకోకండి. మామూలు హార్డ్ డిస్క్‌లో డిలీట్ కొట్టడమంటే పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేయడం లాంటిది. లోపలి పేజీలు అలాగే ఉంటాయి. తెలిసినవాడు తిరిగి చదవగలడు. పూర్తిగా తుడిచేసే ప్రోగ్రాములున్నాయి. అంత ఓపిక లేకపోతే హార్డ్ డిస్క్ విప్పించి ఇంట్లోనే పెట్టుకోండి. షాపులో పది నిమిషాల పని.

నాకు ఇంతకన్నా పెద్ద బెంగ కథల గురించి. ఇరవై ఏడు కథలు అను ఫాంట్లలో ఉన్నాయి. చాలా పత్రికలకు, ప్రెస్సులకు అదే అలవాటు కాబట్టి నేనూ అందులోనే నేర్చుకున్నాను. వీటి సంగతేమిటంటే, ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టి చూపిస్తాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకు సొంత స్థానం ఉంది. ఆ పద్ధతిలో ఉన్నది ఫోనులోనైనా, ఏ దేశంలోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. మార్చిపెట్టే ప్రోగ్రాములు దొరుకుతాయి గానీ వాటిని గుడ్డిగా నమ్మడానికి లేదు. నా కథల్లో కొన్నిచోట్ల వత్తులు ఒకదాని బదులు ఒకటి పడ్డాయి. పాత కాపీ పక్కన పెట్టుకుని మూడు వారాలు దిద్దుకున్నాను. పాతది పనిచేస్తోంది కాబట్టే ఆ కాపీ తెరుచుకుంది. అమ్మమ్మ చెప్పిన వంటలో, నాన్నగారి ఉత్తరాలో ఇలా టైపు చేసిపెట్టుకున్న వాళ్లుంటే, కంప్యూటర్ ఇంట్లో ఉండగానే ఆ పని కానివ్వండి.

మా ఆడపడుచు ‘‘ఎవరికైనా ఇచ్చెయ్ వదినా, పుణ్యం వస్తుంది’’ అంది. మా పనమ్మాయి కూతురు పాలిటెక్నిక్ చదువుతోంది. ఆ పిల్లనే పిలిచి అడిగాను. కాసేపు మొహమాటపడి, ‘‘మా గదిలో ఎక్కడ పెట్టుకోవాలాంటీ? ఇద్దరు పడుకుంటే మూడోవాళ్లకి చోటుండదు. కరెంటు బిల్లు ఓనరుతో కలిపి కట్టాలి’’ అంది. నిజమే కదా! మనకు అడ్డమైన వస్తువు వాళ్లకు అక్కరకొస్తుందని మనమే అనుకుంటాం. బంధువుల ఇళ్లలో చూశాను, మూల కూర్చున్న కంప్యూటర్‌ని వయసుడిగిన చీరలా పనివాళ్లకిచ్చి, ఏడాదంతా చెప్పుకుంటారు. ఇవ్వాలనుకుంటే అడిగి, శుభ్రం చేయించి, నడిచేలా చేసి ఇవ్వాలని నా అభిప్రాయం.

చివరికి ఇంట్లోనే ఉంచుకున్నాను. పాత హార్డ్ డిస్క్ తీయించి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించాను. మొత్తం ఖర్చు కొత్త లాప్‌టాప్ ధరలో పదో వంతు కూడా కాలేదు. అందులో లినక్స్ మింట్ పెట్టించాను. అది ఉచితం. ర్యామ్ రెండు జీబీ ఉన్నా చాలంటారు, నాలుగుంటే మంచిది. మాదాంట్లో నాలుగుంది. భద్రతా మరమ్మతులు మళ్లీ వస్తున్నాయి. తెలుగు టైపు చేసుకునే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అందులోనే ఉంది. పేజ్‌మేకర్ మాత్రం రాదు. డీటీపీ పనిచేసేవాళ్లకు నేనీ సలహా ఇవ్వను.

పాలిటెక్నిక్ పిల్ల ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికొచ్చి రికార్డులు టైపు చేసుకుంటోంది, సీ ప్రోగ్రాములు నేర్చుకుంటోంది. ఆ వేళకి నా రాత ఎలాగూ సాగదు, అందరికీ టీలు పెట్టే సమయం.

ఇక పనికిరానివి మిగిలాయి. యూపీఎస్ బ్యాటరీలో సీసం ఉంటుంది, దాన్ని బ్యాటరీ షాపులోనే ఇచ్చాను. విరిగిన కీబోర్డు, పాత వైర్లు, కాలిపోయిన బోర్డు తూకానికి వేయలేదు. ఢిల్లీ సీలంపూర్‌లో, మొరాదాబాద్‌లో ఇలాంటి వైర్లను కాల్చి రాగి తీస్తారు, బోర్డులను యాసిడ్‌లో ముంచి బంగారం తీస్తారు. ఆ పొగలో ఆడవాళ్లు, పిల్లలూ కూర్చుంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని రిజిస్టరైన రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలి. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఎక్కడివ్వాలో చెబుతారు. నాకు రెండుసార్లు చేయాల్సి వచ్చింది.

ప్రింటరొక్కటే ఇంకా దారికి రాలేదు. కథ పూర్తయిన రోజు పెన్‌డ్రైవ్ పట్టుకుని వీధి చివర జిరాక్స్ షాపుకు వెళ్తున్నాను.