మోటారు సైకిలుపై దూరప్రయాణం – ఇంధనపు లెక్క

దూరదేశాలను కన్నులారా చూడవలెనన్న కోరిక యౌవనానికి సహజమైనది. ఒకప్పుడు కాలినడకన, గుర్రాలపైన, ఒంటెలపైన సాగిన యాత్రలు నేడు మోటారు సైకిళ్లపై సాగుతున్నవి. గుర్రానికి దారి పొడవునా గడ్డి దొరకవచ్చును. మోటారు సైకిలుకు మాత్రం పెట్రోలు బంకు ఉన్నచోటనే మేత. ఒక బంకుకూ మరొక బంకుకూ నడుమ దూరం ట్యాంకు శక్తిని మించినప్పుడు యాత్రికుడు ఏమి చేయవలె? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

సాహిత్యం బోధించేవానికి యంత్రాల ఊసు ఎందుకని పాఠకులు అడుగవచ్చును. ఒక వేసవి సెలవులకు ముందు నా విద్యార్థులు ఇద్దరు మనాలి నుండి లేహ్‌కు ఒకే మోటారు సైకిలుపై వెళ్లుటకు సిద్ధపడి, చెప్పిపోవుటకు నా వద్దకు వచ్చినారు. “పెట్రోలు సంగతి ఏమి ఆలోచించినారయ్యా?” అని అడిగితే, “ఇరవై లీటర్లు కూల్‌డ్రింకు సీసాలలో పోసి వెనుక కట్టుకుంటాం సార్” అని ఉత్సాహంగా చెప్పినారు. నా గుండె ఝల్లుమన్నది. మా మేనమామగారు ముప్పై ఏళ్లు మోటారు సైకిళ్ల మరమ్మతు దుకాణం నడిపినవారు. నా బాల్యపు సెలవులన్నీ ఆ దుకాణంలోనే గడిచినవి. పెట్రోలు ఆవిరి ఎటువంటిదో అక్కడనే తెలుసుకొన్నాను. ఆ సాయంకాలం ఆ ఇద్దరితో కూర్చుండి చెప్పిన విషయాలనే ఇక్కడ క్రమంగా వ్రాస్తున్నాను.

మొదట లెక్క

మనాలి–లేహ్ మార్గంలో, చంద్ర, భాగ నదులు కలిసేచోట తాండి అనే ఊరున్నది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని తెలిపే బోర్డు అక్కడి పెట్రోలు బంకు వద్ద ఎన్నో ఏళ్లు యాత్రికులను హెచ్చరించింది. కొత్త బంకులు వెలసినవేమో బయలుదేరే ముందు విచారించుకొనవలసినదే. అయినను లెక్కకు ఆ 365నే తీసుకొనుట క్షేమం.

ఆ విద్యార్థుల 350 సి.సి. బండి ట్యాంకులో 13.5 లీటర్లు పట్టును. మైదానంలో లీటరుకు 30 కిలోమీటర్లు వచ్చుచుండెనట. ఇద్దరు మనుషులు, సామాను, కనుమల ఎక్కుడు కలిసినప్పుడు 25కు మించి ఆశించరాదు. 365ను 25తో భాగిస్తే 14.6 లీటర్లు. దారి తప్పుట, వాగుల వద్ద ఆగుట, వెనుదిరుగుట వంటి వానికై మరి మూడు లీటర్లు. మొత్తం సుమారు 17.6 లీటర్లు. ట్యాంకులో ఉన్నది పోగా లోటు నాలుగు లీటర్ల పైచిలుకు. అనగా వారికి కావలసినది ఇరవై లీటర్లు కాదు, అయిదు లీటర్ల డబ్బా ఒక్కటి! పెట్రోలు లీటరు బరువు దాదాపు 740 గ్రాములు. ఇరవై లీటర్లంటే 15 కిలోల వృథాభారం, దానితోపాటు ఇరవై లీటర్ల అపాయం.

ఈ లెక్కకు మూలం మైలేజి. దానిని ఊహించరాదు, కొలువవలె. ట్యాంకు నింపి, మీటరు అంకె వ్రాసుకొని, రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి, మరల అదే మట్టానికి నింపితే పట్టిన లీటర్లు తెలియును. నేడు మన పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలులో శక్తి తక్కువ గనుక పాత మైలేజిని నమ్మక కొత్తగా కొలుచుకొనుట మంచిది.

మూడు మార్గాలు

ఇంధన నిల్వను పెంచుటకు మార్గాలు మూడు. మొదటిది పెద్ద ట్యాంకు గల బండి. 1978 చివర ప్రారంభమైన పారిస్–డాకర్ ఎడారి పందెం ప్రభావంతో యమహా సంస్థ 1983లో 30 లీటర్ల ట్యాంకుతో టెనెరెను వెలువరించింది. బి.ఎం.డబ్ల్యు. సంస్థ 32 లీటర్ల ట్యాంకుతో పారిస్–డాకర్ పేరిటనే ఒక బండిని చేసినది. మన దేశంలో 2016లో వచ్చిన హిమాలయన్‌కు 15 లీటర్లు, 2023లో వచ్చిన దాని 450 సి.సి. రూపానికి 17 లీటర్లు.

ఉన్న ట్యాంకునే కోసి పెద్దది చేయించుకొందుమనుకొనేవారికి ఒక హెచ్చరిక. పెట్రోలు నిండిన ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకు ప్రమాదకరం. ద్రవం మండదు, గాలితో కలిసిన ఆవిరియే మండును. ఖాళీ ట్యాంకు నిండా ఉండేది ఆ ఆవిరియే. దానికి వెల్డింగు నిప్పు తగిలితే అది బాంబు వలె పేలును. ఎంత తొందర ఉన్నను, అనుభవజ్ఞులు పూర్తిగా శుభ్రపరచని ట్యాంకుకు మా మేనమామగారు నిప్పు చూపనిచ్చేవారు కారు. పైగా రిజిస్ట్రేషను వివరాలకు భిన్నంగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నది.

రెండవది గొట్టంతో కలిపిన ఉపట్యాంకు. అది అసలు ట్యాంకు కంటె ఎత్తున ఉంటే పెట్రోలు తనంతట దిగును, పల్లంలో ఉంటే పంపు కావలె. రెండింటికిని గాలి రంధ్రం ఉండితీరవలె. పెట్రోలు దిగిన మేరకు గాలి లోనికి పోకపోతే లోపల శూన్యం ఏర్పడి ధార ఆగిపోవును. ఎక్కువ అతుకులంటే ఎక్కువ కారుటకు అవకాశం. నిపుణుడు లేనిచోట ఇది తగదు.

మూడవది విడి డబ్బా. సామాన్య యాత్రికునికి ఇదియే ఉత్తమం. 1930లలో జర్మనీలో రూపొందిన 20 లీటర్ల జెర్రీ క్యాను దీనికి ఆదర్శం. నిండినప్పుడు కూడ పైభాగంలో కొంత గాలి మిగులునట్లు దానిని మలచినారు. ఎందుకనగా పెట్రోలు వేడికి వ్యాకోచించును. అయిదు లీటర్లు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 140 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న గ్లాసెడు పెరుగును. గొంతు వరకు నింపిన డబ్బాలో ఆ గ్లాసెడు ఎక్కడికి పోవలె?

సీసా ఎందుకు వద్దు?

దారిలోని తంగ్‌లాంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైబడిన ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం వద్ద ఉండేదానిలో సగానికి కొంచెమే ఎక్కువ. బయటి ఒత్తిడి తగ్గినకొద్దీ లోపలి ఆవిరి విజృంభించును, పలుచని సీసా ఉబ్బి మూత వద్ద కారును. ఆ ఆవిరి గాలి కంటె మూడు నాలుగు రెట్లు బరువు గనుక క్రిందికి, వేడిగా ఉన్న సైలెన్సరు వైపునకు, దిగును. అగ్గిపుల్ల గీచినా, సిగరెట్టు వెలిగించినా అంతే సంగతులు.

చట్టం కూడ ఈ విషయంలో స్పష్టమే. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండ ఉంచుకొనవచ్చును. అయితే అది గట్టి మూత గల పాత్రలో ఉండవలె. గాజుపాత్ర ఒక లీటరుకు, లోహపాత్ర 25 లీటర్లకు మించరాదు. కూల్‌డ్రింకు సీసాల ప్రస్తావన అందులో లేదు.

పాటించవలసినవి

డబ్బాను నింపేటప్పుడు బండి దించి నేలపై పెట్టవలె. లేనిచో స్థిర విద్యుత్తు వలన నిప్పురవ్వ పుట్టవచ్చును. బరువు ఎంత క్రిందుగా, బండి నడిమికి ఎంత దగ్గరగా ఉంటే అంత నిలకడ. రెండు డబ్బాలైతే రెండు ప్రక్కల సమంగా కట్టవలె. సైలెన్సరుకు, ఆహారానికి, నిద్రసంచులకు దూరంగా ఉంచవలె. కనుమలపై మూతను నెమ్మదిగా, మెలమెల్లగా తిప్పవలె. ట్యాంకులో చోటు ఏర్పడిన వెంటనే ఇంజను చల్లారనిచ్చి డబ్బాలోనిది అందులో పోయవలె. పెట్రోలుకు ట్యాంకు కంటె భద్రమైన చోటు లేదు. రైలులో బండిని పంపేవారు ట్యాంకు ఖాళీ చేయవలె, పెట్రోలు డబ్బాతో రైలెక్కరాదు. ఖాళీ డబ్బా కొత్తది ఇక్కడ కొని, తాండిలో నింపుకొంటే చాలును.

ఆ విద్యార్థులు అయిదు లీటర్ల ఇనుపడబ్బాతో వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చినారు. “లేహ్ చేరేసరికి ట్యాంకులో ఇంకా మిగిలింది సార్, మీ లెక్క తప్పలేదు” అన్నారు. లెక్క నాది కాదు, అంకగణితానిది. వారి సాహసాన్ని నేను ఆపలేదు, ఆపరాదు కూడ. సాహసానికి కావలసినది అధిక భారం కాదు, ముందుచూపు. ఎంత కావలెనో తెలిసి అంతే మోసినవాడే దూరం పోగలడు. ఇంటికి తిరిగి రాగలడు.