పేరు ఒకటే... ఊరా? కోటా?



మన పిల్లల్లో చాలామందికి డల్లాస్ పేరు కొత్త కాదు. అక్కడుండే బాబాయో, అత్తయ్యో విమానం దిగేది డల్లాస్–ఫోర్ట్ వర్త్ ఎయిర్‌పోర్ట్‌లోనే. "ఫోర్ట్ అంటే కోట కదా, మరి అక్కడ కోట ఉందా?" అని మీ పాప అడిగితే ఏం చెబుతారు?

సైన్యం వెళ్లింది, ఊరు మిగిలింది

ఫోర్ట్ అనగానే మనకు గోల్కొండలాంటి రాతి గోడలు గుర్తొస్తాయి. అమెరికాలో సైన్యం స్థిరంగా ఉండే స్థావరాన్ని ఫోర్ట్ అంటారు. చుట్టూ గోడ ఉండాలనేమీ లేదు. ఆదివాసీ తెగల నేలల్లోకి దేశం విస్తరిస్తున్న రోజుల్లో ఇలాంటివి చాలా వెలిశాయి. 1849లో టెక్సస్‌లో ట్రినిటీ నది దగ్గర పెట్టిన స్థావరానికి జనరల్ విలియం వర్త్ పేరు పెట్టారు. 1853లో సైనికులు వెళ్లిపోయారు. వాళ్లు ఖాళీ చేసిన కట్టడాల్లోకి జనం చేరారు. అదే నేటి ఫోర్ట్ వర్త్ నగరం.

కాన్సాస్‌లో మాత్రం రెండూ ఉన్నాయి. ఫోర్ట్ లెవెన్‌వర్త్ 1827 నాటి సైనిక స్థావరం. దాని పక్కనే 1854లో పుట్టిన పట్టణం పేరు లెవెన్‌వర్త్.

పేరు ఒకటే, మనుషులు వేరు

కాలిఫోర్నియా తీరంలో ఫోర్ట్ బ్రాగ్ అనే చిన్న పట్టణం ఉంది. 1857లో అక్కడ పెట్టిన స్థావరానికి మెక్సికో యుద్ధంలో పేరు తెచ్చుకున్న బ్రాక్స్‌టన్ బ్రాగ్ పేరు పెట్టారు. ఆయనే తర్వాత అంతర్యుద్ధంలో, బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలనుకున్న దక్షిణాది రాష్ట్రాల తరఫున జనరల్‌గా పోరాడారు. 1918లో దేశానికి ఆ చివర, నార్త్ కరొలైనాలో మొదలైన సైనిక స్థావరానికి కూడా ఆయన పేరే పెట్టారు. బానిసత్వం పక్షాన నిలిచిన వ్యక్తి పేరు సైన్యానికి ఎందుకని చర్చ జరిగి, 2023లో దాన్ని ఫోర్ట్ లిబర్టీగా మార్చారు. 2025లో ఫోర్ట్ బ్రాగ్ పేరు మళ్లీ వచ్చింది. అయితే ఈసారి అది రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన రోలండ్ బ్రాగ్ అనే సైనికుడి పేరని ప్రకటించారు. బోర్డు మీద అక్షరాలు మారలేదు, మనిషి మారాడు!

జీకేలో జాగ్రత్త

"ఫోర్ట్ నాక్స్ – బంగారం" అని పిల్లలు బట్టీ పడతారు. అమెరికా ప్రభుత్వ బంగారంలో చాలా భాగం ఉన్నది కెంటకీ రాష్ట్రంలోని ఫోర్ట్ నాక్స్‌లో. మెయిన్ రాష్ట్రంలోనూ ఒక ఫోర్ట్ నాక్స్ ఉంది, అది పాత రాతి కోట. టెన్నెసీలోని నాక్స్‌విల్ ఒక నగరం. ఈ మూడూ హెన్రీ నాక్స్ అనే ఒకే సైన్యాధికారి పేరు మీద వచ్చినవే. రాష్ట్రం పేరు చేర్చి చదివితే తికమక ఉండదు.

ఇంట్లో చేసి చూడండి

మ్యాప్ ముందు కూర్చుని పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఏ రాష్ట్రంలో ఉంది? ఇది ఊరా, సైనిక స్థావరమా? ఎవరి పేరు పెట్టారు? తర్వాత మన హైదరాబాద్‌తో పాటు పాకిస్తాన్‌లోని సింధ్‌లో ఉన్న హైదరాబాద్‌ను కూడా వెతకమనండి. జవాబులు నోట్‌బుక్‌లో రాసి పంపితే క్లాసులో అందరం కలిసి మాట్లాడుకుంటాం.