తలుపు తీయమని పిల్లి ఎందుకు మారాం చేస్తుంది?

అండమాన్‌లో పిల్లిని ఇంట్లోనే ఉంచి పెంచాలనుకునేవారికి అసలు పరీక్ష తెల్లవారుజామున ఎదురవుతుంది. గడియారంలో నాలుగున్నర కూడా కాకముందే పిల్లి తలుపు దగ్గర కూర్చుని అరుపు మొదలుపెడుతుంది. తలుపు గోకుతుంది, కిటికీ ఎక్కుతుంది, మంచం చుట్టూ తిరుగుతుంది. నిద్ర చెడిన ఇంటివారు చివరికి గడియ తీస్తారు. ఆ పూటకు గోల ఆగుతుంది. మర్నాడు ఇంకాస్త గట్టిగా మొదలవుతుంది.

దీన్ని పిల్లి మొండితనం అనుకుంటాం. నిజానికి ఇందులో సూర్యుడి పాత్ర కొంత, మన అలవాట్ల పాత్ర కొంత ఉన్నాయి. ఆ రెండూ తెలిస్తే తలుపు తీయకుండానే గోల తగ్గించవచ్చు. పైగా ఈ దీవుల్లో తలుపు తీయకుండా ఉండటానికి ప్రత్యేకమైన కారణం ఉంది.

గడియారం కంటే ముందున్న సూర్యుడు

పిల్లి పూర్తిగా రాత్రి జంతువు కాదు, పగటి జంతువూ కాదు. తెల్లవారే వేళ, చీకటి పడే వేళ అది బాగా చురుగ్గా ఉంటుంది. మనకు కావలసిన వెలుతురులో ఆరో వంతు ఉన్నా దాని కళ్లకు చాలు. ఎలుకలు, పిట్టలు తిరిగే ఆ మసక వెలుతురే దానికి వేట సమయం.

భారత ప్రామాణిక సమయాన్ని కాకినాడకు దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం, దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు మన గడియారం కంటే సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. జూన్‌లో హైదరాబాద్‌లో సూర్యోదయం 5.40 ప్రాంతంలో అయితే, పోర్ట్ బ్లెయిర్‌లో ఐదు గంటలకే అవుతుంది. తొలి వెలుతురు అంతకు 20 నిమిషాల ముందే వస్తుంది. పిల్లి ఆ వెలుతురును అనుసరిస్తుంది. మనం గడియారాన్ని చూసి ఇంకా రాత్రే అనుకుంటాం.

మ్యావ్ మన కోసమే

పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అని మాట్లాడుకోవడం అరుదు. పిల్లి కూనలు తల్లిని పిలవడానికి వాడే ఈ అరుపును, పెంపుడు పిల్లులు పెద్దయ్యాక కూడా మనుషుల కోసం అట్టిపెట్టుకున్నాయి. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ఇలాంటి మరో సంగతి గమనించారు. తిండి అడిగేటప్పుడు కొన్ని పిల్లులు చేసే గురగురలో పసిబిడ్డ ఏడుపును పోలిన హెచ్చు స్థాయి ధ్వని కలిసి ఉంటుంది. అది విన్నవారికి ఆ పిలుపు మరింత తొందరపెడుతున్నట్టు అనిపించింది.

ఏ అరుపుకు ఫలితం దొరుకుతుందో పిల్లి త్వరగానే నేర్చుకుంటుంది. తొమ్మిది సార్లు పట్టించుకోకుండా పదోసారి తలుపు తీస్తే, పది సార్లు అరవాలని దానికి నేర్పినట్టే. ఎప్పుడో ఒకసారి దొరికే ఫలితం వల్ల పడిన అలవాటు, ప్రతిసారీ దొరికే ఫలితం వల్ల పడిన అలవాటు కంటే గట్టిగా ఉంటుందని ప్రవర్తన శాస్త్రం చెబుతుంది. ఫలితం పూర్తిగా ఆగిపోయినప్పుడు అరుపు మొదట తగ్గదు, కొన్నాళ్లు పెరుగుతుంది. చాలామంది సరిగ్గా ఆ దశలోనే ఓడిపోతారు.

ముందు ఆరోగ్యం చూడాలి

అన్ని అరుపులూ షికారు కోసమే కాదు. ఆపరేషన్ చేయించని ఆడపిల్లి నాలుగైదు నెలల వయసులోనే ఎదకు రావచ్చు. అప్పుడు అది నేల మీద దొర్లుతూ, దీర్ఘంగా మూలుగుతూ మగపిల్లిని పిలుస్తుంది. పగటి వెలుతురు తగ్గే శీతాకాలంలో చల్లటి దేశాల పిల్లులకు ఎద ఆగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న అండమాన్‌లో పగటి పొడవు ఏడాదంతా పన్నెండు గంటలకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి ఎద ఏ నెలలోనైనా రావచ్చు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో ఈ గోల ఆగుతుంది. మగపిల్లుల తిరుగుడూ ఆపరేషన్‌తో బాగా తగ్గుతుంది.

మగపిల్లి మూత్రం కోసం పదేపదే ప్రయత్నిస్తూ అరుస్తుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. అది ప్రాణాంతకం, గంటల్లోనే పశువైద్యుడికి చూపించాలి. ముసలి పిల్లి కొత్తగా రాత్రిళ్లు అరవడం మొదలుపెడితే థైరాయిడ్ వంటి సమస్యలు కారణం కావచ్చు.

పిల్లికి చెలగాటం, దీవికి ప్రాణసంకటం

ప్రధాన భూభాగంలో పిల్లిని బయటికి వదిలితే వాహనాలు, కుక్కలు, రేబిస్ భయం. అండమాన్ నికోబార్ దీవులు రేబిస్ లేని ప్రాంతంగా పేరుపొందాయి. అందుకని నిశ్చింతగా వదలవచ్చా? ఇక్కడ పిల్లి వల్ల బయటి జీవులకు ఏమవుతుందన్నది కూడా ఆలోచించాలి.

ఈ దీవుల్లో సహజంగా పుట్టి పెరిగిన పిల్లి జాతి ఒక్కటీ లేదు. ఇక్కడి జీవులు లక్షల ఏళ్లుగా అలాంటి వేటగాడు లేకుండానే బతికాయి. అరటి, పోక తోటల్లోనూ ఇళ్ల గోడల మీదా పట్టపగలు తిరిగే పచ్చని అండమాన్ బల్లి ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండదు. నేల మీదే గుడ్లు పెట్టే అండమాన్ నైట్‌జార్ పిట్ట కూడా అంతే.

న్యూజిలాండ్‌లోని స్టీఫెన్స్ దీవి దీనికి హెచ్చరిక. 1894లో అక్కడ లైట్‌హౌస్ వెలిగింది. దానితో పాటు పిల్లులూ వచ్చాయి. ఎగరలేని ఒక చిన్న పిట్ట జాతి కొద్ది ఏళ్లలోనే అంతరించింది. పక్షులు, క్షీరదాలు, సరీసృపాలలో ఆధునిక కాలంలో అంతరించిన జాతుల్లో కనీసం 14 శాతం విషయంలో, దీవుల్లో అడవిపట్టిన పిల్లుల పాత్ర ఉందని 2011లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అలా అడవిపట్టినవన్నీ ఒకప్పుడు మనుషుల వెంట వచ్చిన పిల్లుల సంతానమే.

వేటను ఇంట్లోకి తేవడం

వేట కోరికను అణచడం కుదరదు. దాన్ని ఇంట్లోనే తీర్చవచ్చు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నైరుతి ఇంగ్లండ్‌లో 355 పిల్లులతో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. రోజుకు 5 నుంచి 10 నిమిషాలు ఆడించిన పిల్లులు ఇంటికి తెచ్చిన వేట 25 శాతం తగ్గింది. ధాన్యం లేని, మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెడితే 36 శాతం తగ్గింది. మెడకు కట్టిన గంట వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. రంగురంగుల గుడ్డ పట్టీ పక్షులను కొంత కాపాడింది కానీ ఎలుకల వంటి వాటికి ఉపయోగపడలేదు.

పిల్లికి పొంచడం, దూకడం, తినడం, ఒళ్లు నాకుకోవడం, నిద్రపోవడం ఒక వరుస. పడుకునే ముందు దారానికి కట్టిన ఈకతోనో గుడ్డతోనో ఆడించి, చివరిలో దాన్ని పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెట్టాలి. రోజు మొత్తం తిండిని చిన్న చిన్న భాగాలుగా పంచితే మరీ మంచిది. తెల్లవారుజాము భాగాన్ని టైమర్ ఉన్న గిన్నెలో పెడితే, అది అరుపు మొదలయ్యే సమయానికి ముందే తెరుచుకుంటుంది. అప్పుడు తిండికీ మనిషిని లేపడానికీ సంబంధం తెగుతుంది.

తూర్పు కిటికీకి మందపాటి తెర వేస్తే తొలి వెలుతురు లోపలికి రాదు. పగలు కూర్చుని బయటికి చూడటానికి కిటికీ దగ్గర ఎత్తైన చోటు, వీలుంటే జాలీ బిగించిన వరండా ఉండాలి. తిట్టడం, నీళ్లు చల్లడం వల్ల భయం పెరుగుతుందే తప్ప కోరిక పోదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కరు గడియ తీసినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

డిసెంబర్ నాటికి పోర్ట్ బ్లెయిర్‌లో సూర్యోదయం అరగంటకు పైగా ఆలస్యమవుతుంది, సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. గిన్నె టైమర్‌నూ ఆట వేళనూ దానికి తగ్గట్టు మార్చుకుంటూ ఉండాలి.