వచనగ్రంథమునకు ఉపక్రమమెట్లు? – సహరచయితలకొక విన్నపము

కావ్యమునకు ఇష్టదేవతాస్తుతితో ఆరంభము సిద్ధముగ నున్నది. యథార్థవిషయమును ప్రతిపాదించు వచనగ్రంథమునకు అట్టి రాచబాట లేదు. ఎచ్చట మొదలుపెట్టవలెనను ప్రశ్న ప్రతి గ్రంథకర్తకును క్రొత్తగనే ఎదురగుచుండును. నేడు నాకును ఎదురైనది. కనుక ఈ వ్యాసము కొంత వివరణము, కొంత అభ్యర్థనము.

తంజావూరి తెలుగును గూర్చి సామాన్యపాఠకులకు సుబోధమగు నొక గ్రంథమును వ్రాయవలెనని నా సంకల్పము. రఘునాథనాయకుని కాలమునను, 1673 వరకు పాలించిన విజయరాఘవనాయకుని కాలమునను తమిళదేశమధ్యమున తెలుగు రాజసభాభాషగ వెలసినది. విజయరాఘవుని రఘునాథాభ్యుదయము, రంగాజమ్మ మన్నారుదాసవిలాసము ఆ సభలో పుట్టినవే. పిమ్మట మహారాష్ట్రప్రభువులు వచ్చిరి. వారిలో శాహజీ తెలుగుననే పల్లకీసేవాప్రబంధమును రచించెను. పాలకుల ఇంటిభాష మారినను సభలో తెలుగు నిలిచినది. ఎందుకు నిలిచినది? ఇదియే నా గ్రంథవిషయము.

ఇరువది ఏండ్లుగ చీటీలు కూర్చుచున్నాను. పెట్టెలు నిండినవి గాని మొదటి పుట నిండలేదు. సామగ్రి లోపించుట ఇందుకు కారణము కాదు. ఉపక్రమము తోచకపోవుటయే కారణము.

పూర్వులు చూపిన మార్గములు మూడు కలవు. మొదటిది సమగ్రక్రమము. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును అకారాదిగ ఆరంభించిరి. 1923లో వారు స్వర్గస్థులగునాటికి అది అసంపూర్ణముగనే యుండెను. ఆ మహాసంకల్పమునకు నమస్కరించుచునే, ఏబదియేండ్లు దాటినవాడు ఆయుర్దాయమును లెక్కించుకొనక తప్పదని గ్రహించితిని.

రెండవది ప్రశ్నతో ఆరంభించుట. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు లేరను ఆక్షేపము వినవచ్చినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక కవులనే వెదకి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు మూడువందల ఏబదిమందికి పైగా కవులు చేరిరి. ప్రశ్న సూటిదగుటచే గ్రంథమునకు హద్దు తానై ఏర్పడినది.

మూడవది ఆధారముతో ఆరంభించుట. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయనయే కావ్యములనుండి జనుల తిండిని, కట్టును, ఆటపాటలను ఏరి చూపిరి. 1955లో సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన తొలి బహుమానము ఆ గ్రంథమునకే లభించినది.

నా విషయమునకు ఏది తగును? సందేహించుచుండగా తరగతిలో ఒక విద్యార్థి మాట నన్ను కదిలించినది. అతని పూర్వులు తరములనాడే తమిళదేశమున స్థిరపడిరి. ఇంట తెలుగే మాటాడుదురు. లిపి మాత్రము ఎవరికిని రాదు. “అయ్యా, మా అవ్వ మాటాడునది తెలుగు కాదని బంధువులు నవ్వుదురు. అదియు తెలుగేనని చెప్పు పుస్తకమేదైన కలదా?” అని యడిగెను. చేతికీయదగిన పుస్తకము నాకు తోచలేదు. నా చీటీలన్నియు ఆ క్షణమున మూగపోయినవి.

ఆ ప్రశ్నతోనే గ్రంథమును ఆరంభింపనా? పాఠకుడు వెంటనే దగ్గరగును, నిజమే. కాని అభిమానము ముందు నడచినచో ఆధారము వెనుకబడునను భయము కలదు. నాయకరాజుల సభాభాషకును, నేటి ఇంటిమాటకును గల సంబంధమును నిరూపింపవలెను గాని ఊహింపరాదు. కాలక్రమముతో ఆరంభించినచో ఈ ప్రమాదము లేదు. కాని ఆ విద్యార్థి మూడవ పుట దాటడు.

కావున సహరచయితలను అడుగుచున్నాను. మీ గ్రంథములలో మొదటి ప్రకరణమును మొదటనే వ్రాసితిరా, తుదకు వ్రాసితిరా? సేకరణ చాలునని ఏ గుర్తుతో నిశ్చయించితిరి? పండితునకును విద్యార్థికిని ఒకే వాక్యము చాలునా? ఏ ప్రకరణమును వ్రాసి పారవేయవలసివచ్చినదో కూడ తెలిపినచో మరింత మేలు.

మీ ప్రత్యుత్తరములు వచ్చులోపల నేనొక పని చేయుదును. ఆ విద్యార్థి అవ్వగారు అనుమతించినచో వారి మాటలను విని వ్రాసికొందును. గ్రంథమునకు అది తొలిపుట కాకపోయినను, పెట్టెలోని చీటీలకు లేని ప్రాణము దానికుండును.